హన్నా మ్రొక్కుబడి, సమూయేలు పిలుపు



ఈ నెల ఒక కాగితము గురించి వ్రాస్తున్నాము. వేదాంత విద్యకు అభ్యర్థిని పంపేటప్పుడు నింపవలసిన దరఖాస్తు అది. సంఘ కాపరి సిఫారసు చేసి సంతకము పెట్టే చోటు చివరి పేజీలో ఉంటుంది. యాసంగి నాట్లు పడే రోజుల్లో బీర్కూరు నుండి ఒక యౌవనస్థుడు దానిని తెచ్చి మా చేతికి ఇచ్చాడు. ఇచ్చి వెళ్ళిపోలేదు. అరుగు మీద కూర్చుని, చెప్పుకు అంటిన బురదను పుల్లతో గీకుతూ ఉండిపోయాడు.

"సంతకం పెట్టమంటావా బిడ్డా?" అని అడిగాము.

"అయ్యగారితోని పెట్టించుకొని రమ్మని అమ్మ చెప్పింది."

"అమ్మ సంగతి సరే. నువ్వేమంటావు?"

అప్పుడు తల ఎత్తాడు. "నాకు సమజైతలేదు అయ్యగారూ. పోతే అబద్ధం ఆడినట్టయితది. పోకపోతే అమ్మ మ్రొక్కుబడి చెడగొట్టినట్టయితది."

అతనిని అడిగే ఈ సంగతి వ్రాస్తున్నాము. పేరు మాత్రము చెప్పము. వయస్సు ఇరవై రెండు. బాన్సువాడలో డిగ్రీ పూర్తిచేశాడు. తండ్రికి నిజాంసాగర్ కాలువ కింద కొద్దిపాటి మడి, దానికి తోడు కౌలు. పెళ్ళి కావలసిన చెల్లెలు ఉంది. మేనమామ దుబాయిలో ఉన్నాడు; వీసా చూస్తానని రెండుసార్లు ఫోను చేశాడు. మన కామారెడ్డి, నిజామాబాదు జిల్లాలలో ఇలాంటి మేనమామ లేని ఇల్లు తక్కువే.

తల్లికి మొదటి రెండు కాన్పులు దక్కలేదు. మూడవసారి కడుపులో ఉన్నప్పుడు, ఈ బిడ్డను బ్రతికిస్తే నీ సేవకే ఇస్తాను ప్రభువా అని మ్రొక్కుకుంది. బిడ్డ బ్రతికాడు. సంఘమంతటికీ ఆ సాక్ష్యము తెలుసు. క్రిందటేడు యౌవనస్థుల కూటములలో ప్రసంగీకుడు, సంపూర్ణ సేవకు సమర్పించుకునేవారు లేవండి అన్నప్పుడు చుట్టూ ఉన్నవారందరూ ఇతనివైపే చూశారట. "అందరు చూస్తున్నరని లేచిన అయ్యగారూ. లోపల నాకేం వినబడలేదు," అన్నాడు.

ఇంకొక మాట చెప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది. ఆరు నెలలుగా తల్లికి ఒంట్లో బాగుండడము లేదు. మ్రొక్కుబడి ఆలస్యము చేసినందుకే అని బంధువులలో ఎవరో అన్నారు. అప్పటినుండి ఇతనికి రాత్రుళ్ళు నిద్ర లేదు.

మేము సంతకము పెట్టలేదు. పెట్టమని కూడా చెప్పలేదు. బైబిలు తెచ్చి మొదటి సమూయేలు గ్రంథము తీశాము.

హన్నా కథ మన తల్లులకు కంఠతా వచ్చు. సంతానము కొరకు ఏడ్చింది, మ్రొక్కుకుంది, కన్నది, పాలు విడిచిన తరువాత షిలోహుకు తెచ్చి ఏలీకి అప్పగించింది. మనము సాధారణముగా అక్కడ పుస్తకము మూసి, మన బిడ్డలవైపు చూస్తాము. మూడవ అధ్యాయము వరకు వెళ్ళండి. సమూయేలు అప్పటికే మందిరములో పరిచర్య చేస్తున్నాడు. నారబట్ట ఏఫోదు తొడుక్కున్నాడు. అయినా ఆ బాలుడు అప్పటికి ఇంకా యెహోవాను ఎరుగడని వాక్యమే చెప్పుతున్నది. తల్లి మ్రొక్కుబడి అతనిని మందిరములోనికి తెచ్చింది గాని పిలుపు తెచ్చిపెట్టలేదు. దేవుడే అతనిని పేరుపెట్టి పిలవవలసి వచ్చింది. పిలిచినప్పుడు కూడా పిల్లవాడు పోల్చుకోలేక మూడుసార్లు ఏలీ దగ్గరకు పరుగెత్తాడు. అంత వయస్సు, అంత అనుభవము ఉన్న ఏలీకి మూడవసారి గాని అర్థము కాలేదు. ఈ భాగము చదివినప్పుడు మాకు సమూయేలు కంటే ఏలీని గురించే ఎక్కువ భయము కలుగుతుంది. తన దగ్గరకు పరుగెత్తి వచ్చిన పిల్లవానికి ఏమి చెప్పాలో కాపరికి తెలియాలి గదా.

మా సంగతి కూడా అతనికి చెప్పాము. మేము గొప్ప దర్శనము చూసి వేదాంత విద్యకు వెళ్ళినవారము కాము. డిగ్రీ మొదటి సంవత్సరములో తప్పాము. ఇంట్లో పెద్దలు, వీడికి చదువు అబ్బదు, కాపరి పనికైనా పంపుదాము అన్నారు. (మన ఇళ్ళలో ఈ "అయినా" అన్న మాట ఎంత మామూలైపోయిందో చూడండి. తెలివైనవాడు ఇంజనీరింగుకు, మిగిలినవాడు దేవునికి!) దరఖాస్తులో మీ పిలుపును గూర్చి వ్రాయుము అన్న చోట, మా ముందు చేరిన ఒకరి కాగితము చూసి వ్రాశాము. ఆ అబద్ధము రెండేళ్ళు మమ్మును వెంటాడింది. హాస్టలులో సాక్ష్యములు చెప్పుకునే రాత్రి తలనొప్పి అని పడుకునేవారము.

రెండవ వేసవి సెలవులలో ఒక పల్లెలో అభ్యాసమునకు ఉన్నాము. ఒక కూలీ ఇంట చంటిబిడ్డ చనిపోయింది. కాపరిగారు ఊరిలో లేరు. పాతిపెట్టే చోట ప్రార్థన చేయమని మమ్మును పిలిచారు. ఏమి ప్రార్థించామో ఇప్పుడు గుర్తు లేదు. ఆ తండ్రి తిరిగి వచ్చేటప్పుడు మా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచాడు, ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ నడకలో మాకు ఈ పని తప్ప మరి ఏ పనీ వద్దనిపించింది. అంతే. మెరుపు లేదు, స్వరము లేదు. డిప్లొమా వరకే చదివాము. ఇరవై ఏళ్ళు దాటింది. జీతము ఆలస్యమైన నెలలలో కూడా ఆ నడక మరచిపోలేదు.

అతనికి దోర్నకల్ బిషప్పు అజరయ్యగారి సంగతి తెలియదు. ఈ తరములో చాలామందికి తెలియదు. వేదనాయకం సమూయేలు అజరయ్య ఆయన పూర్తి పేరు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము జరిగింది. ఫొటోలో ఆ అంగీ చూస్తే పుట్టినప్పటి నుండే నిశ్చయముతో ఉన్నారనిపిస్తుంది. అలా జరగలేదు. 1874లో తిరునెల్వేలి ప్రాంతములో ఒక పల్లె కాపరి ఇంట పుట్టారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని పట్టా పొందలేదు. 1895 నుండి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరా తిరిగారు. 1902లో జఫ్నా వెళ్ళి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుష్యులతో సువార్త పని నడపడము చూశారు. 1903లో తిరునెల్వేలిలో మిషనరీ సంఘము ఆరంభమైంది, ఆయనే కార్యదర్శి. ఇతరులను వెళ్ళండి వెళ్ళండి అని పిలిచే తాను ఎందుకు వెళ్ళడము లేదన్న ప్రశ్న ఆయనను వదలలేదు. చివరికి 1909లో కాపరిగా అభిషేకము పొంది, తన మాతృభాష కాని తెలుగు నేర్చుకుని దోర్నకల్లులో నిలిచారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్ళు. ముందటి పధ్నాలుగేళ్ళు వృథా అయినవని ఆయనను ఎరిగినవారెవరూ అనరు.

"అంటే నేను ముప్పై అయిదేళ్ళ దాక ఆగాల్నా?" అని నవ్వాడు. ఆ రోజు అతడు నవ్వడము అదే మొదలు.

ఆగనక్కరలేదు. అన్నీ తేల్చుకున్న తరువాతే చదువుకు వెళ్ళాలన్న నియమమూ లేదు. హైదరాబాదులోని ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల 1964లో రాజమండ్రిలో మొదలై 1973లో నగరమునకు మారింది. బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వారు, మెథడిస్టులు కలసి నడిపే చోటు. శ్రీరాంపూర్ పట్టాలకు చదువుతారు. అక్కడ గ్రీకు, హెబ్రీ, సంఘ చరిత్ర నేర్పుతారు. సంఘములలో అభ్యాసమునకూ పంపుతారు. ఆ సంవత్సరములు మనిషిని పరీక్షించడానికి కూడా ఉన్నవి. అనుమానముతో వెళ్ళినవారు ఎందరో నిలబడ్డారు. నాకు ఏ అనుమానమూ లేదని వ్రాసి వెళ్ళడమే తప్పు. మేము చేసిన తప్పు అదే.

పులిపీఠము ఒక్కటే సేవ కాదని కూడా చెప్పాము. మన దగ్గరి డిచ్‌పల్లినే చూడండి. జార్జి కెర్‌గారు వెస్లియన్ మిషనులో బోధకులు, ఆయన భార్య ఇసబెల్ కెర్‌గారు డాక్టరు. 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి మొదలైంది. నిజామాబాదు రాజా నర్సాగౌడ్ గారు దానికి ధనసహాయము చేశారు. ఊరి బయటకు నెట్టబడినవారి పుండ్లు కడిగిన ఆ డాక్టరమ్మ, అభిషేకము లేదు గనుక సేవకురాలు కాదందామా? (ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. 2013లో మన తెలుగు డయాసిస్ నంద్యాలలోనే పుష్పలలితగారు సి.ఎస్.ఐ. మొదటి మహిళా బిషప్పు అయ్యారు. మ్రొక్కుబళ్ళు మాత్రము ఇంకా మగపిల్లల మీదే పడుతున్నవి.)

మరుసటి వారము మేమూ అమ్మగారూ బీర్కూరు వెళ్ళాము. తల్లి చాప పరచి కూర్చోబెట్టింది. ఆమె బాధ అంతా బయట పెట్టింది. మాట తప్పితే ప్రభువు ఊరుకుంటాడా అని అడిగింది.

"అక్కా, దేవుడు వడ్డీ వ్యాపారి కాడు," అన్నాము. "నీ రోగము బాకీ వసూలు కాదు. ముందు బాన్సువాడ ఆసుపత్రిలో చూపించుకో." మా అమ్మగారు తానే తీసుకుపోతానని రోజు కూడా అనుకున్నారు. తరువాత హన్నా సంగతి మళ్ళీ తీశాము. మ్రొక్కుబడి చెల్లించిన తరువాత కూడా ఆమె ఏటేటా చిన్న అంగీ కుట్టి సమూయేలుకు తీసుకువెళ్ళేది. పిల్లవాడు పెరుగుతాడు గనుక పోయిన ఏటి కొలత ఈ ఏడు సరిపోదు.

ఆమె చాలాసేపు కొడుకు వైపు చూసింది. "మరి వీడు దుబాయి పోతనంటే?"

"పోతే అక్కడా తెలుగు సంఘములున్నాయి. కాని ఒక్క ఏడు ఆగమని అడుగుతున్నాము. పొలము పని చేసుకుంటూ మాతో తిరుగనీ. రోగుల దగ్గరికి, భూస్థాపనలకు రానీ. ఆ తరువాత ఏమన్నా, అది వాడి నోటితోనే రానీ."

తండ్రి అప్పటిదాకా గడప దగ్గర నిలబడి వింటున్నాడు. "చెల్లె పెండ్లి అయినదాక ఎట్లైనా ఇక్కడనే ఉండాలె గద," అన్నాడు. తల్లి అవునని గాని కాదని గాని అనలేదు. టీ పెట్టడానికి లేచింది.

దరఖాస్తు మా బీరువాలో ఉంది. ఆ కుర్రవాడు ఇప్పుడు ఆదివారము మధ్యాహ్నములలో పక్క ఊరిలో సండేస్కూలు నడుపుతున్నాడు. పదకొండుమంది పిల్లలు వస్తున్నారు. పోయిన ఆదివారము ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె, సమూయేలు పెద్దగైనంక ఏలీ తాత ఏమైండు అని అడిగిందట. ఇతనికి జవాబు తెలియలేదు. రాత్రి ఎనిమిది గంటలకు మోటారుసైకిలు మీద మా ఇంటికి వచ్చాడు. నాలుగవ అధ్యాయము తీసి ఇద్దరమూ చదివాము. ఏలీ పీఠము మీద నుండి వెనుకకు పడి చనిపోయిన చోటికి వచ్చేసరికి, ఇది చిన్న పిల్లకు ఎట్ల చెప్పాలె అయ్యగారూ అని అడిగాడు. ఆ సంగతి మాట్లాడుకుంటూ కూర్చున్నాము. అతడు వెళ్ళేటప్పటికి పది దాటింది.