నాన్న స్కూటర్ మీద ఇంకో కవిత వద్దు

2024 సెప్టెంబర్ మొదటి వారంలో నేనొక కవిత రాశాను. బుడమేరు నీళ్లలో మునిగిన నాన్న స్కూటర్ మీద. బెజవాడ అజిత్ సింగ్ నగర్‌లో మా ఇంటి వరండాలో, హ్యాండిల్ ఒక్కటే పైకి కనపడుతున్న 1991 నాటి చేతక్. పక్కింటివాళ్లు మేడ మీంచి తీసి పంపిన ఫోటో పైన పెట్టి, కింద పద్దెనిమిది పంక్తులు. ముందు నిలబడ్డ పిల్లాడు, నాన్న చొక్కా చెమట వాసన, వెనక స్టెప్నీకి ఆనించి కట్టిన బియ్యం బస్తా, అన్నీ పడ్డాయి. హైదరాబాద్‌లో పొడిగా ఉన్న ఫ్లాట్‌లో కూర్చుని రాశాను. చాలామందికి నచ్చింది. చదివి ఏడ్చామని ఇద్దరు మెసేజ్ పెట్టారు.

నీళ్లు తగ్గాక ఇంటికెళ్తే నాన్న అడిగింది ఒకటే. "కవిత చదివాన్రా, బానే ఉంది. ఇంజన్లో నీళ్లు తీయడానికి ఎవరన్నా దొరుకుతారేమో చూశావా?"

చూడలేదు. మునిగిన ఇంజన్‌కి ప్రతి రోజూ లెక్కే. నీళ్లు దిగిపోయినా లోపల తడి ఉంటుంది, బేరింగులకి తుప్పు పడుతుంది. నేను లైకులు లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో ఆ పని నింపాదిగా జరిగిపోయింది.

కాబట్టి ఇది ముందు నా కవిత మీద తిట్టు. తర్వాత, ఇలాంటివి రాసి, చదివి, కళ్లు తుడుచుకునే మనందరి మీదా తిట్టు. గత పదేళ్లలో "నాన్న స్కూటర్" మన రాతల్లో ఒక స్థిర వస్తువైపోయింది, అమ్మ చేతి గోరుముద్దలాగా. ఎన్ని కవితలు, ఎన్ని ఫేస్‌బుక్ పోస్టులు, ఎన్ని ఆత్మకథాత్మక కథలు! వాటన్నిటిలోనూ స్కూటర్ ఒక కుర్చీ. దాని మీద నాన్న కూర్చుంటాడు, ముందు మనం నిలబడతాం. ఆ కుర్చీ కింద ఏం మండుతోందో, ఏం అరుగుతోందో ఎవరికీ పట్టదు.

నాకూ పట్టేది కాదు, మెకానిక్ దొరికుంటే. మా వీధి షాపు కూడా మునిగింది. తెరిచిన షాపుల ముందు బళ్లు బారులు తీరి ఉన్నాయి. డెలివరీ కుర్రాళ్ల బైకులు, కూరగాయల ఆటోలు. అది కదిలితేగానీ కూడు లేనివాళ్ల బళ్లు. వాటిని వదిలేసి ముప్ఫై మూడేళ్ల స్కూటర్ పట్టుకోమనడం అన్యాయం. "పాత ఇనప సామాన్లకి వేసేయండి సార్" అన్నాడు ఒకాయన, తప్పు లేకుండానే. అలా శనాదివారాలు బెజవాడ వచ్చి, నేను కింద కూర్చుని, మోకాళ్లు వంగని నాన్న స్టూలు మీద కూర్చుని, పని మొదలుపెట్టాం.

ప్లగ్గు విప్పితే బురద నీళ్లు. కిక్కు కదల్లేదు. ఇంజను పట్టేసింది. ప్లగ్గు కన్నంలోంచి డీజిలు పోసి వారం రోజులు వదిలేశాం. తర్వాతి వారం సైలెన్సర్ దించి, సిలిండర్ మీద కవరు తీసి, హెడ్డు నట్లు నాలుగూ ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేశాను. ఒకటి పూర్తిగా తీసి ఇంకోదానికి వెళ్తే హెడ్డు వంకర పోతుందని నాన్న అరిచాక. సిలిండర్ పైకి లాగితే నీళ్లు నిలిచిన చోట ఎర్రగా తుప్పు చార. అది వరద చేసిన పని. దానికి పైన, రింగు ఆఖరుదాకా వెళ్లి వెనక్కి తిరిగే చోట, చూపుకి ఆనని మెట్టు ఒకటి ఉంది. గోరుతో గీస్తే తగిలింది. అది వరద చేసింది కాదు.

చేతక్ సిలిండర్ అడ్డం 57 మిల్లీమీటర్లు, పిస్టన్ నడక కూడా 57. లెక్కేస్తే 145.45 సీసీ. నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరుగుతుంటే పిస్టన్ ఆ గోడని నిమిషానికి నాలుగు వేలసార్లు రుద్దుకుంటూ పైకెళ్లి కిందకొస్తుంది. అలా రోజూ గన్నవరం వెళ్లి వచ్చిన ఉద్యోగం ఒకటి, ఏళ్ల తరబడి, ఇనుముని అరగదీసి ఆ మెట్టు కట్టింది. రింగు ఒకటి సిలిండర్లో పెట్టి కొసల మధ్య సందు కొలిచాను. పావు మిల్లీమీటర్ అటూ ఇటూ ఉండాలి. నా ఫీలర్ గేజ్ కట్టలో అన్నిటికన్నా మందం ఒక మిల్లీమీటర్ ఆకు. అది దూరాక కూడా ఇంకా చోటుంది. నా పద్దెనిమిది పంక్తుల్లో "నాన్న కష్టం" అనే మాట రెండుసార్లు వచ్చింది. ఈ సందు ఒక్కసారీ రాలేదు.

ఇంజనీరింగ్ ఫస్టియర్లో టూ స్ట్రోక్ ఇంజను బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకున్నవాణ్ని నేను. ఆ బొమ్మలో లేనిదొకటి ఉంది. పిస్టన్ గాడిలో సన్నటి మేకు. రింగు కొసలు రెండూ దానికి అటూ ఇటూ కూర్చోవాలి. లేకపోతే రింగు తిరిగి, కొస వెళ్లి సిలిండర్ గోడకున్న పోర్టులో ఇరుక్కుంటుంది. నేను చూసుకోకుండా, సరిపోతుందో లేదో చూద్దామని, కొత్త రింగులేసి సిలిండర్ దించాను. టక్ మంది. డిగ్రీ అక్కడ విరిగింది.

బోరు కొట్టించడం ఎలాగూ ఇంట్లో అయ్యే పని కాదు. క్రాంక్ బేరింగులు మార్చడం నా వల్ల కాలేదు. ఇంజను మొత్తం దించి, గోనెసంచిలో చుట్టి ఆటోలో ఆటోనగర్ తీసుకెళ్లాను. లారీ బాడీలు కట్టే సుత్తి చప్పుళ్ల మధ్య ఒక లేత్ షాపు. అక్కడి మేస్త్రి సిలిండర్ని వెలుగుకి పెట్టి చూసి, లోపల వేలు తిప్పి, "ఎవరోగానీ బాగా చూసుకున్నారండి. తుప్పు సంగతి వదిలేయండి. నిలువు గీతల్లేవు. ఆయిలు తక్కువ పోసి తోలిన బండి కాదు. మామూలు అరుగుడే" అన్నారు.

ఈ మధ్య ఏ పుస్తక సమీక్షలోనూ ఇంత కచ్చితమైన విమర్శ నేను చదవలేదు. వాడకం వల్ల అరిగినదానికీ, నిర్లక్ష్యం వల్ల చెడినదానికీ తేడా వేలితో చెప్పాడాయన. నాన్న ప్రతిసారీ పెట్రోల్ బంకులో టూటీ ఆయిలు కొలత చూసి పోయించుకున్నాడని, ఆయన్ని ఎప్పుడూ చూడని మనిషి సాక్ష్యం చెప్పాడు. మనం "నాస్టాల్జియా" అని ఒక్క మాటతో కప్పేసేది ఆ గోడ మీద వివరంగా రాసుంది. చదవడం వచ్చినవాడు చదివాడు.

మేస్త్రి భాష కూడా వినండి. పిస్టన్, రింగు, బోరు, ప్లగ్గు, నామవాచకాలన్నీ ఇంగ్లీషువే. క్రియలు మాత్రం మనవి. ఇంజను పట్టేస్తుంది. బండి లాగదు. ఆయిలు తాగుతుంది. పొగ కొడుతుంది. నట్టుకి మర పోతుంది. కిక్కు ఖాళీగా దిగిపోతుంది. భాషకి ప్రాణం క్రియల్లో ఉంటుందనుకుంటే, తెలుగు ఎక్కడ బతికుందో చూడ్డానికి ఆటోనగర్ వెళ్లాలి. భద్రిరాజు కృష్ణమూర్తి ఇది అరవై ఏళ్ల కిందటే పట్టుకున్నారు. ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో వచ్చింది, వ్యవసాయ పదాలతో. తర్వాత చేనేత మాటలకి ఒక సంపుటం. రైతు దగ్గరికీ నేతగాడి దగ్గరికీ వెళ్లి మాటలు ఏరుకొచ్చిన సంప్రదాయం అది. మెకానిక్ దగ్గరికి మనం బండి ఇవ్వడానికి వెళ్తాం, తీసుకురావడానికి వెళ్తాం. కథల్లో అతను నల్లటి చేతులతో ఒక వాక్యంలో కనపడి పోతాడు. సినిమాకి కనీసం పేరన్నా గుర్తుంది, 2014లో "ఆటోనగర్ సూర్య" అని పెట్టుకుంది.

ఇక్కడ ఎవరో ఒకరు పిర్సిగ్ పేరు ఎత్తుతారు. నేను స్కూటర్ విప్పానని తెలియగానే "జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్" చదివావా అని నన్ను అడిగినవాళ్లు నలుగురు. వాళ్లలో ఒక్కరూ ప్లగ్గు విప్పినవాళ్లు కారు. 1974లో వచ్చిన ఆ పుస్తకం మోటార్‌సైకిళ్ల విషయంలో పెద్ద ప్రమాణమేమీ కాదని రచయితే మొదట్లో ఒప్పుకున్నాడు. మనం దాన్ని పానా పట్టుకోకుండానే పానా తత్వం మాట్లాడ్డానికి వాడుకుంటున్నాం. వరండాలో నాకే జ్ఞానోదయమూ కాలేదు. నడుం పట్టేసింది.

కవిత రాస్తే నష్టమేంటి, ఎవరికి ఇబ్బంది అంటారేమో. నష్టం ఉంది. లోపల ఏముందో తెలియని బెంగని అమ్మడం చాలా తేలిక. 1989లో "హమారా బజాజ్" ప్రకటన చేసిందేంటి? సరుకు గురించి చెప్పడం తగ్గించి, కుటుంబాన్నీ దేశాన్నీ దాని మీద కూర్చోబెట్టింది. స్కూటర్ వెళ్లిపోయింది. 2020లో చేతక్ అనే పేరు మళ్లీ వచ్చింది, బ్యాటరీతో. ఆ బండి మంచిదే కావచ్చు, గొడవ దాని గురించి కాదు. ఆ పేరు వినగానే మనకి గొంతు పూడుకుపోవడం గురించి. మన కవిత ఆ ప్రకటన పనినే జీతం లేకుండా చేస్తోంది. వస్తువుని మర్చిపోయి దాని చుట్టూ ఉన్న తడిని దాచుకోమంటోంది. అలా అలవాటు పడ్డవాళ్లం, రేపు ఒక యంత్రం మూత తెరవడానికి వీల్లేకుండా అమ్మితే అడగాలని కూడా తోచదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, వాహనాలు కూడా అందులో ఉన్నాయి. మన సాహిత్య పేజీల్లో దాని మీద చర్చ నాకు కనపడలేదు. అది "టెక్నికల్" విషయం కదా!

రెండు అభ్యంతరాలకి జవాబు చెప్పాలి. ఒకటి, టూ స్ట్రోక్ ఇంజను పొగ. నిజమే. కొత్త మిశ్రమం లోపలికి వచ్చేటప్పుడే కొంత మండకుండా బయటికి పోవడం ఆ ఇంజన్ నిర్మాణంలోనే ఉన్న లోపం. ఆ బళ్లు రోడ్ల మీంచి తగ్గిపోవడం మంచిదే, మా స్కూటర్ కూడా ఇక రోజూ తిరగదు. కానీ ఈ లోపం ఏంటో నాకు తెలిసింది కూడా పోర్టులు కళ్లతో చూశాకే. కవితలో ఆ పొగకి కూడా పరిమళం అని పేరు పెట్టాను. రెండు, ఇంట్లో రిపేరు అనేది నెల జీతమున్నవాడి వారాంతపు సరదా కదా అని. ఇదీ నిజమే. అన్నీ ఇంట్లో విప్పేవి కూడా కావు. 2022 ఏప్రిల్‌లో మా ఊళ్లోనే ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు. అందరూ మెకానిక్‌లు కావాలని నేను అనట్లేదు. నేను కాలేదు, సగం పని ఆటోనగర్‌లోనే అయింది. కానీ రింగు విరగ్గొట్టుకున్నాక లేత్ మేస్త్రి ముందు నిలబడ్డ నేనూ, అంతకుముందు "ఎంతవుతుంది, ఎప్పుడిస్తారు" అని మాత్రమే అడిగిన నేనూ ఒకే మనిషి కాదు. ఆయన పని నాకిప్పుడు కనపడుతోంది. కనపడనిదాని గురించి ఎలా రాస్తాం?

రాయొద్దని కాదు. స్కూటర్ మీద రాయండి. ముందు ఒక్కసారి మూత తీయండి. తీయడం చేతకాకపోతే తీసేవాడి పక్కన ఒక పూట కూర్చోండి, అతను వాడే క్రియలు రాసుకోండి. మీ నాన్న ఏం చేస్తే అది అన్నేళ్లు నడిచిందో అడగండి. "కష్టం" అనే మాట రాయబోయేముందు అది ఎన్ని మిల్లీమీటర్లో కనుక్కోండి.

మా బండి డిసెంబర్లో ఒక ఆదివారం, పదిహేనో కిక్కుకో పదహారో కిక్కుకో, స్టార్ట్ అయింది. వీధంతా పొగ. నాకు కళ్లు తడిశాయి, దానికి పొగ కారణం అని చెప్పను. నాన్న మాత్రం తల వంచి ఇంజను చప్పుడు వింటున్నాడు. కాసేపాగి, ఎడమచేత్తో క్లచ్ నొక్కి గేరు తిప్పి చూశాడు.

"కొత్త బోరు. ఐదొందల కిలోమీటర్లదాకా నలభై దాటకు," అన్నాడు. "గేరు వైరు వదులుగా ఉంది. వచ్చే వారం వస్తావా?"

వెళ్లాను. ఆ కవిత తీసేశాను.