ఊరి నీటికి ఊరి లెక్క

పావగడ, మడకశిర ప్రాంతాల నడుమ రెండు రాష్ట్రాల సరిహద్దు ఉంది. భూగర్భజలానికి మాత్రం ఆ హద్దు లేదు. ఒక రైతు బోరు మరింత లోతుకు దింపితే పొరుగు రైతు బోరు ఎండిపోవచ్చు. ఈ పోటీలో చివరకు ఇరువురికీ మిగిలేది అప్పులే. ఉమ్మడి ప్రణాళిక ఒక్కటే దీనికి విరుగుడు.

1993లో అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు గుర్తింపునిచ్చింది. అయితే పనుల జాబితా మాత్రమే ప్రణాళిక కాజాలదు. ఉన్న వనరు ఎంత, ముందు ఎవరికి అన్న నిర్ణయమే ప్రణాళిక.

మహారాష్ట్రలోని హివరే బజార్ కరవు ప్రాంత గ్రామం. పోపట్‌రావ్ పవార్ సర్పంచ్‌గా ఉన్న కాలంలో గ్రామస్థులు కొండవాలున కందకాలు త్రవ్వారు. సాగుకు బోర్లు వేయరాదని కట్టడి చేసుకున్నారు. ఏటా వాన కొలిచి, త్రాగునీటికి, పశువులకు ముందుగా కేటాయించి, మిగులును బట్టి పైర్లు నిర్ణయిస్తారు.

ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. 2000 దశకంలో అనంతపురం, చిత్తూరు తదితర ఏడు జిల్లాల రైతులు తమ బోర్ల నీటిమట్టాన్ని తామే కొలిచి, రబీకి ముందు నీటి బడ్జెట్ వేసుకున్నారు.

సరిహద్దు గ్రామాలకు మరొక అవసరం ఉంది. కన్నడంలో వ్రాసిన ప్రణాళికను తెలుగులోనూ చదివి వినిపించాలి. ఇంటికి నీరు మోసే స్త్రీల మాట మొదట వినాలి. ఇరువైపుల ఊళ్ళు తమ లెక్కలు పరస్పరం తెలుపుకోవాలి. రాబోయే గ్రామసభలో ఒక్క ప్రశ్నతో ఆరంభించవచ్చు: ఈ ఏడు మన ఊరికి మిగిలిన నీరెంత?