మన డాబా మీదికి మేఘాల బొమ్మ

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారాయి. అలాంటి మేఘాలను పైనుంచి ఫోటో తీసే ఉపగ్రహాలు రోజూ మన హాస్టల్ డాబా మీదుగా పోతుంటాయి. 137 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపిన అమెరికా పాత నోవా ఉపగ్రహాలు 2025లో ఆగిపోయినా, రష్యా మెటియోర్ ఉపగ్రహాలు పంపుతున్నాయి. వాటిని అందుకోవడానికి టీవీ కోసం చేసిన చిన్న యూఎస్‌బీ రిసీవర్, అరమీటరు అల్యూమినియం కడ్డీలు రెండు, ఒక కంప్యూటర్ చాలు. మిగతా రేడియో పనంతా సాఫ్ట్‌వేరే చేస్తుంది. దగ్గర్లోని గాదంకిలో వాతావరణ రాడార్ ఉంది. అక్కడికి విహారయాత్రకు వెళ్లి రావడంతోనే మన సైన్సు అయిపోకూడదు. ప్రతి హాస్టల్‌కూ ఒక రిసీవర్ ఇవ్వాలి. తన చేతులతో మేఘాన్ని పట్టుకున్న విద్యార్థి, సైన్సు మనలాంటి వాళ్లకు కాదని ఎన్నటికీ అనుకోడు. పెద్దలు ఆలోచించాలి.