వగరు చెప్పే పాఠం

ఇటలీలోని ఫ్లోరెన్స్, సియెనా నగరాల నడుమ గల కొండనేలల్లో కియాంటి క్లాసికో అనే ఎర్ర ద్రాక్షమద్యం తయారవుతుంది. టస్కనీ పాలకుడు మూడవ కోసిమో 1716లోనే కియాంటి ప్రాంతపు ఎల్లలను శాసనం ద్వారా నిర్ణయించాడు. ఇందులో కనీసం 80 శాతం సాంజొవేసె ద్రాక్ష ఉండాలి. పండులోని చక్కెర దాదాపు అంతా ఆల్కహాలుగా మారిపోతుంది కనుక తీపి ఉండదు; పులుపు, వగరు ప్రధానం.

ఆ వగరుకు కారణం ద్రాక్ష తొక్క, గింజల నుండి దిగే టానిన్లు. అవి లాలాజలంలోని మాంసకృత్తులతో కలిసి నాలుకను పొడిబారుస్తాయి. కషాయ రసానికి ఆయుర్వేదం చెప్పిన రూక్ష గుణం ఇట్టిదే. అందుచేతనే టస్కనీ వాసులు దీనిని కాల్చిన గొడ్డుమాంసం, అడవిపంది మాంసం, గొర్రెపాల జున్ను వంటి స్నిగ్ధాహారాలతో జతపరుస్తారు. కొవ్వు వగరును మెత్తబరుస్తుంది. వగరు జిడ్డును నోట నిలువనీయదు. టమాటా వంటకాల పులుపుకు దీని పులుపు తోడవుతుంది. సున్నితమైన చేపల రుచిని మాత్రం ఇది అణచివేస్తుంది.

ఈ రసజ్ఞత మెచ్చదగినదే. అయితే "ఇది గుండెకు మేలు, మన ద్రాక్షాసవం వంటిదే" అనే వాదాన్ని నేను అంగీకరించలేను. ఆసవంలోనూ కొంత మద్యాంశం ఉన్నమాట నిజమే. కాని అది రోగిని బట్టి, మాత్రను బట్టి వైద్యుడిచ్చే ఔషధం. ఇది విందు పానీయం. మద్యపానంలో సురక్షితమైన పరిమాణమేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది.

పాఠకులు గ్రహించవలసినది సూత్రాన్ని, సీసాను కాదు. నేతి వంటకాలు, మాంసం భుజించిన నాడు విస్తరిలో దానిమ్మ గింజలో, ఉసిరి పచ్చడో ఉంచుకొనండి. వగరు చేయవలసిన పని అవే చేస్తాయి. మత్తు బెడద ఉండదు.