వెంటిలేటర్ల సంఖ్యతోపాటు వాటి మోడ్‌ల వర్గీకరణపైనా దృష్టి అవసరం

హైదరాబాద్: కోవిడ్-19 విజృంభించిన 2020 ఏప్రిల్‌లో గచ్చిబౌలి క్రీడా ప్రాంగణంలోని 14 అంతస్తుల భవనాన్ని 1,500 పడకల తెలంగాణ వైద్య విజ్ఞాన సంస్థ (టిమ్స్)గా మార్చేందుకు ప్రభుత్వం చర్యలు చేపట్టింది. ఆ రోజులలో అధికారుల సమీక్షలలోను, పత్రికలలోను ప్రధానంగా వినవచ్చిన ప్రశ్న ఒక్కటే: వెంటిలేటర్లు ఎన్ని ఉన్నాయి? ఆ యంత్రాలను ఒకే తీరుగా అర్థం చేసుకొని నడిపే ఏర్పాటు ఉన్నదా అన్న ప్రశ్నకు అంత ప్రాధాన్యం లభించలేదు.

పీఎం కేర్స్ నిధి నుండి 2020లో రూ.2,000 కోట్లతో 50,000 దేశీయ వెంటిలేటర్ల సరఫరాకు నిర్ణయం జరిగింది. వాటిలో 30,000 భారత్ ఎలక్ట్రానిక్స్ వాటా కాగా, 10,000 ఆగ్వా హెల్త్‌కేర్‌కు, విశాఖపట్నంలోని ఏఎంటీజెడ్‌కు రెండు రకాలు కలిపి 9,650, అలైడ్ మెడికల్‌కు 350 కేటాయించారు. ఆసుపత్రులలో అప్పటికే ఉన్న విదేశీ యంత్రాలు వీటికి అదనం. యంత్రం మారితే తెర మారుతుంది, మీటలు మారుతాయి, మోడ్‌ల పేర్లు సైతం మారుతాయి.

శ్వాసను యంత్రం ఏ పద్ధతిలో అందించాలో నిర్ణయించేదే మోడ్. దాదాపు ఒకే విధంగా పనిచేసే మోడ్‌ను ఒక కంపెనీ పీఆర్‌వీసీ అంటే, మరొకటి ఆటోఫ్లో అంటుంది, ఇంకొకటి వీసీ ప్లస్ అంటుంది. పారాసిటమాల్‌ను పది వ్యాపార నామాలతో అమ్మినా పెట్టెపై అసలు మందు పేరు ముద్రించి ఉంటుంది. వెంటిలేటర్ తెరపై అట్టి సౌలభ్యం సాధారణంగా కానరాదు.

పేరులోని తికమక రోగికి ముప్పు తేగలదు. వీసీ ప్లస్ అన్న పేరు చూచి, నిర్ణీత పరిమాణంలో గాలి పంపే వాల్యూమ్ కంట్రోల్‌గా భావించే అవకాశమున్నది. వాస్తవానికి అది ప్రెజర్ కంట్రోల్ వర్గానికి చెందినది. వైద్యుడు కోరిన పరిమాణం అందేటట్లు యంత్రమే ప్రతి శ్వాసకు ఒత్తిడిని సవరించుకొంటుంది. ఆయాసంతో రోగి గట్టిగా గాలి పీల్చినపుడు, ఊపిరితిత్తులు మెరుగుపడినట్లు లెక్కించి యంత్రం తన సాయాన్ని తగ్గించవచ్చు. అధిక సాయం కావలసిన వేళ భారమంతా రోగిపై పడుతుంది. వేరే విభాగం నుండి అత్యవసరంగా రాత్రి విధులకు వచ్చిన వైద్యుడు దీనిని వెంటనే గుర్తించగలడని అనుకోవడం కష్టం.

అమెరికాకు చెందిన రాబర్ట్ చాట్‌బర్న్, ఆయన సహచరులు 2014లో పది సూత్రాలతో ప్రచురించిన వర్గీకరణ ఇందుకు మార్గం చూపింది. యంత్రం నియంత్రించేది గాలి పరిమాణాన్నా, ఒత్తిడినా. శ్వాసలన్నీ యంత్రానివేనా, రోగి సొంత శ్వాసలకు చోటున్నదా. లక్ష్యాన్ని యంత్రం ఎట్లు సవరించుకొంటుంది అనే మూడు అంశాలతో ప్రతి మోడ్‌కు ఒక సంకేతం ఏర్పడుతుంది. పైన పేర్కొన్న మూడు వ్యాపార నామాలూ ఒకే సంకేతం కిందికి వస్తాయి. ఈ వర్గీకరణ ఆధారంగా రూపొందిన వెంటిలేటర్ మోడ్ మ్యాప్ వంటి మొబైల్ యాప్‌లతో, తెరపై కనిపించే పేరు ఏ వర్గానిదో మంచం పక్కనే సరిచూసుకోవచ్చు. అయితే యాప్ శిక్షణకు ప్రత్యామ్నాయం కాజాలదు. రోగికి ఏ మోడ్ తగునో అది చెప్పదు.

ఐటీ సంస్థలకు నిలయమైన గచ్చిబౌలిలో యాప్ తయారీ కష్టమైన పని కాదు. కష్టమంతా కొనుగోలు పత్రాలలో ఉన్నది. టెండర్ నిబంధనలలో ఒక కంపెనీ వాడే మోడ్ పేరును యథాతథంగా చేర్చితే, అదే పనిచేసే మరో యంత్రం పోటీకి దూరమయ్యే ప్రమాదమున్నది. పేరుకు బదులు వర్గీకరణ సంకేతం కోరినట్లయితే పోటీ పెరుగుతుంది, ఏమి కొంటున్నదీ అధికారులకు స్పష్టమవుతుంది. యంత్రాన్ని అప్పగించే రోజుననే అందులోని ప్రతి మోడ్‌కు సంకేతం తెలిపే పట్టికను సరఫరాదారు నుండి తీసుకొని యంత్రానికే అతికించవచ్చు. దీనికి ప్రత్యేక బడ్జెట్ కేటాయింపు అవసరం లేదు.