మౌస్ మందమా, చేయి మందమా?



ఏడో తరగతి చదివే ఒక విద్యార్థి నాకిలా వ్రాశాడు: "మాస్టారూ, సెలవు రోజుల్లో నేను కంప్యూటరులో మైన్‌క్రాఫ్ట్ ఆడుకుంటాను. మౌస్ కదిపితే ఆటలోని మనిషి వెంటనే తిరగడు. నిద్రలోంచి లేపినట్టు కాసేపాగి తిరుగుతాడు. మా అన్నయ్య, 'మౌస్ బాగానే ఉంది, నీ చేయే మందం' అని నవ్వుతాడు. కొత్త మౌస్ కొనిపెట్టమని నాన్నగారిని అడగనా?"

అడగవచ్చు. కాని వైద్యుడు నాడి చూడకుండా మందివ్వడు గదా! మనం కూడా ముందు రోగమేమిటో తెలుసుకుందాం. దీనికి డబ్బు ఖర్చులేదు. ఒక స్కేలు, రెండు లావుపాటి పుస్తకాలు, ఒక నోటుబుక్కు ఉంటే చాలు.

"మౌస్ మందంగా ఉంది" అనే ఒక్క మాటలో రెండు వేరు వేరు రోగాలున్నాయి. ఒకటి, మీరు మౌస్‌ను జానెడు జరిపితే ఆటలోని మనిషి బెత్తెడే తిరగడం. ఇది 'తక్కువ' రోగం. రెండోది, తిరగవలసినంతా తిరుగుతాడు గాని ఆగి తిరగడం. ఇది 'ఆలస్యం' రోగం. మొదటిదానికి వేసే మందు రెండోదానికి పనిచేయదు. చాలామంది ఈ తేడా చూడకనే మౌస్‌ను తిట్టి, కొత్తది కొని, మళ్ళీ పాత బాధే పడతారు.

మౌస్ ఎలా పనిచేస్తుందో చూడండి. 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన ప్రకారం బిల్ ఇంగ్లీష్ అనే ఇంజనీరు మొట్టమొదటి మౌస్‌ను తయారుచేశాడు. అది ఒక చెక్క డబ్బా. దాని కింద రెండు చక్రాలుండేవి. ఒక చక్రం నిలువు కదలికను, రెండోది అడ్డం కదలికను కొలిచేవి. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దానిని పెద్ద సభలో పనిచేయించి చూపాడు.

నేటి మౌస్‌లో చక్రాలు లేవు. అడుగున ఒక చిన్న దీపం, ఒక చిన్న కన్ను ఉంటాయి. ఆ కన్ను బల్లను సెకనుకు వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒక ఫొటోను తరువాతి ఫొటోతో పోల్చి, ఎటు ఎంత కదిలిందో లెక్క కడుతుంది. అందుకే నున్నని గాజు బల్ల మీద చాలా మౌస్‌లు తికమక పడతాయి. పోల్చుకోవడానికి గాజు మీద ఆనవాలేమీ దొరకదు మరి.

ఇక ఆలస్యం సంగతి. మీరు వేసిన ఉత్తరం మీ స్నేహితుడికి చేరాలంటే తపాలా డబ్బా, తపాలా ఆఫీసు, రైలు, మళ్ళీ ఆఫీసు, చివరికి పోస్టుమాను ఇన్ని మజిలీలున్నాయి. ఉత్తరం ఆలస్యమైతే, గుమ్మంలో కనిపించాడు కదా అని పోస్టుమానును కోప్పడవచ్చునా? మీ చేతి కదలిక కూడా అలాగే మౌస్ నుంచి కంప్యూటరుకు, అక్కడినుంచి ఆటకు పోతుంది. ఆట కొత్త బొమ్మ గీస్తుంది. ఆ బొమ్మ తెర మీదికి వస్తుంది. అప్పుడు గాని మీ కన్ను చూడదు.

ఇందులో మౌస్ తీసుకునే కాలమెంత? మామూలు యు.ఎస్.బి. మౌస్ సెకనుకు 125 సార్లు కబురు పంపుతుంది. అంటే కబురుకూ కబురుకూ మధ్య 8 మిల్లీ సెకన్లు. మిల్లీ సెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఇప్పుడు ఆట సంగతి చూడండి. ఆట సెకనుకు 60 బొమ్మలు గీస్తే ఒక్కో బొమ్మకు సుమారు 17 మిల్లీ సెకన్లు. కంప్యూటరు అలసిపోయి సెకనుకు 20 బొమ్మలే గీస్తే ఒక్కో బొమ్మకు 50 మిల్లీ సెకన్లు! 8 ఎక్కడ, 50 ఎక్కడ? అయినా నింద మౌస్ మీదనే పడుతుంది, పాపం.

సరే, పరీక్షలు మొదలుపెడదాం.

మొదటి పరీక్ష: ఆట మూసివేసి, ఖాళీ తెర మీద మౌస్ బాణాన్ని తిప్పి చూడండి. అక్కడ కూడా మందంగానో, ఎగిరెగిరి పడుతూనో ఉంటే దోషం మౌస్ దగ్గరే ఉండవచ్చు. మౌస్ తిరగేసి కంటి దగ్గర వెంట్రుకో దుమ్మో ఉంటే మెల్లగా తీయండి. కింద తెల్లకాగితమో పాత అట్టో వేయండి. తీగలేని మౌస్ అయితే కొత్త బ్యాటరీ వేసి, దాని రిసీవరును మౌస్‌కు దగ్గరగా ఉన్న రంధ్రంలో పెట్టండి. కంప్యూటరు పెట్టె వెనకాల పెడితే ఇనుప రేకు అడ్డమవుతుంది. బాణం ఖాళీ తెర మీద చక్కగా తిరిగితే మాత్రం మౌస్ నిర్దోషి అనుకోవచ్చు.

రెండో పరీక్ష 'తక్కువ' రోగానికి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో ఎఫ్ 3 మీట నొక్కండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్.ఎన్. మీటతో కలిపి నొక్కాలి. తెర నిండా అంకెలు వస్తాయి. 'ఫేసింగ్' అనే వరుస చివర రెండు అంకెలున్నాయి. వాటిలో మొదటిది మీరు ఏ దిక్కుకు ఎన్ని డిగ్రీలు తిరిగారో చెబుతుంది. దాన్ని 0 దగ్గరకు తెచ్చుకోండి. బల్ల మీద రెండు పుస్తకాలను మౌస్ వెడల్పు కన్నా 2 సెంటీమీటర్లు ఎక్కువ ఎడంగా నిలపండి. ఆ ఎడం స్కేలుతో కొలవండి. మౌస్‌ను ఎడమ పుస్తకం నుంచి కుడి పుస్తకం దాకా మెల్లగా జరిపి, ఎన్ని డిగ్రీలు తిరిగిందో వ్రాసుకోండి. అలా మూడుసార్లు చేయండి. తరువాత వేగంగా మూడుసార్లు. సగం చుట్టు దాటిపోతుంటే ఎడాన్ని మౌస్ వెడల్పు కన్నా 1 సెంటీమీటరే ఎక్కువ చేయండి.

మెల్లగా జరిపినా వేగంగా జరిపినా ఇంచుమించు ఒకే అంకె వచ్చి, అది మీకు చాలకపోతే 'సెన్సిటివిటీ' పెంచండి. అది ఆప్షన్స్‌లో, కంట్రోల్స్ కింద, మౌస్ సెట్టింగ్స్‌లో ఉంది. దాన్ని పూర్తిగా ఎడమకు జరిపితే అంకెకు బదులు 'ఆవులింత' అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాట కనబడుతుంది! ఆట చేసినవాళ్ళు సరసులే. మెల్లగా జరిపినప్పుడు తక్కువ, వేగంగా జరిపినప్పుడు ఎక్కువ వస్తే, విండోస్ మీ చేతి వేగాన్నిబట్టి దూరాన్ని మారుస్తున్నదన్నమాట. దాని పేరు 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్'. ఆటలోనే 'రా ఇన్‌పుట్' ఆన్ చేస్తే, మౌస్ పంపిన కబురు ఈ మార్పు లేకుండా నేరుగా ఆటకు చేరుతుంది.

మూడో పరీక్ష 'ఆలస్యం' రోగానికి. అదే ఎఫ్ 3 తెర పైభాగంలో ఎఫ్.పి.ఎస్. అనే అంకె ఉంది. సెకనుకు ఎన్ని బొమ్మలో అది చెబుతుంది. అది 20, 25 దగ్గర తచ్చాడుతుంటే దొంగ దొరికినట్టే. 'రెండర్ డిస్టెన్స్' ఎంతుందో చూడండి. మైన్‌క్రాఫ్ట్ లోకాన్ని 16 గళ్ళ పొడవు, 16 గళ్ళ వెడల్పు గల చెక్కలుగా గీస్తారు. దూరం 16 అని పెడితే మీకు ముందు 16, వెనుక 16, మీరున్నది 1, మొత్తం 33. అటూ ఇటూ కూడా అంతే. కనుక చదరంగా లెక్కిస్తే 33 × 33 = 1089 చెక్కలు. దూరం 8 చేస్తే 17 × 17 = 289. దూరం సగమైతే పని నాలుగో వంతుకు దగ్గరగా తగ్గింది చూచారా? మీ లెక్కల పుస్తకంలోని వర్గాలు ఇక్కడ ఉపయోగపడ్డాయి! వెనకాల తెరచి ఉంచిన తతిమ్మా ప్రోగ్రాములను మూసేయండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు తగిలించి ఆడండి.

బొమ్మల అంకె 60 ఉండి కూడా ఆలస్యమైతే 'వి-సింక్' ఆపి చూడండి. అది ఉన్నప్పుడు, పూర్తయిన బొమ్మ కూడా తెర వంతు వచ్చేదాకా వరుసలో నిలబడుతుంది. ఆపితే ఆలస్యం తగ్గుతుంది గాని, ఒక్కొక్కప్పుడు బొమ్మ అడ్డంగా చిరిగినట్టు కనబడుతుంది. ఏది నయమో మీరే నిర్ణయించుకోండి. కంప్యూటరును టీవీకి తగిలించి ఆడేవారు టీవీలో 'గేమ్ మోడ్' పెట్టాలి. లేకపోతే టీవీ ప్రతి బొమ్మకూ మెరుగులు దిద్దుతూ ఇంకా ఆలస్యం చేస్తుంది.

ఇవన్నీ చేసేటప్పుడు ఒక్క నియమం తప్పకూడదు. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. చేసి, ఆడి చూచి, పుస్తకంలో వ్రాసుకుని, అప్పుడే రెండోది. అయిదు మార్పులూ ఒక్కసారే చేస్తే రోగం కుదిరినా ఏ మందుతో కుదిరిందో తెలియదు. అప్పుడు మీకు అబ్బింది అదృష్టమే గాని జ్ఞానం కాదు.

పెద్దలకొక మాట. కంటికి ఏదైనా కనిపించి చేయి కదలడానికి ఎవరికైనా సుమారు పావు సెకను, అంటే 250 మిల్లీ సెకన్లు పడుతుంది. కంప్యూటరు మరొక 100 మిల్లీ సెకన్లు కలిపితే చురుకైన పిల్లవాడు కూడా మందకొడిలా కనబడతాడు. "నీ చేతకాదు" అనే మాట పిల్లవాడి మనసులో ఆట ముగిసినా ముగియదు. లెక్కలప్పుడు, పరుగుపందెమప్పుడు కూడా గుర్తుకొస్తుంది. కొలవకుండా ఆ మాట అనకండి.

ఉత్తరం వ్రాసిన నాయనా! మూడు పరీక్షలూ అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి. అంకెలు నువ్వు చదువు, అతను వ్రాస్తాడు. మౌసే దోషి అని తేలితే ఆ కాగితం నాన్నగారికి చూపించు. ఉత్త గొంతుతో అడిగినదాని కన్నా అంకెలతో అడిగిన కోరికకు బలమెక్కువ.

తక్కిన పిల్లలకు ఒక లెక్క: రెండర్ డిస్టెన్స్ 12 పెడితే, చదరంగా లెక్కించినప్పుడు చెక్కలెన్ని? 8 పెట్టినప్పటి కన్నా ఎన్ని ఎక్కువ? జవాబులు వ్రాసి పంపండి.