చేతిలోని ఫోను, దూరముననున్న కంప్యూటరు

మొబైల్ ఫోనుతో దూరముననున్న కంప్యూటరును నడుపు విద్యను పాఠశాలలో నేర్పవచ్చునా యను ప్రశ్న మాబోటి ఉపాధ్యాయులకు ఇటీవల తఱచుగా ఎదురగుచున్నది. తల్లిదండ్రులలో కొందఱు, అది మోసగాండ్రకు ఉపకరించు విద్యయే కాని బిడ్డలకు తగినది కాదనుచున్నారు. మఱికొందఱు, పిల్లలు తమంతట తామే నేర్చుకొనుచుండగా దానికొక పాఠమెందుకని నవ్వుచున్నారు. ఈ రెండు మాటలతోను మేమేకీభవింపజాలము. ఇది పై తరగతులయందు ఉపాధ్యాయుని కన్నులయెదుట క్రమముగా నేర్పదగిన విద్య యనియు, నేర్పకుండుటవలననే ఎక్కువ కీడు కలుగుచున్నదనియు మా అభిప్రాయము. ఇందులకు గల కారణములను చదువరుల ముందుంచుచున్నాము.

తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. కావున తోలుబొమ్మలాటతో ప్రారంభింతుము. బొమ్మ తెరమీద ఆడును. ఆడించువాడు తెరవెనుక నుండును. ఇరువురకు నడుమ నున్నది ఒక పుల్ల. ఇచ్చట కంప్యూటరు బొమ్మ, ఫోను పట్టుకొన్నవాడు ఆడించువాడు, ఇంటర్నెట్టు ఆ పుల్ల. భేదమేమన, ఆడించువానికిని బొమ్మకును మధ్య ఇచ్చట వేయి మైళ్ళుండవచ్చును.

జరుగు పని సూక్ష్మముగా ఇది. కంప్యూటరు తన తెరమీది బొమ్మను ఫోనునకు పంపుచుండును. ప్రతి క్షణమును తెరనంతటిని పంపినచో మార్గము చాలదు గనుక, మాఱిన భాగములను మాత్రమే ఏఱి, కుదించి పంపును. మనము ఫోనుమీద వ్రేలు మోపిన చోటును, కొట్టిన అక్షరములును తిరుగుదారిని కంప్యూటరునకు చేరును. దానికవి తన మౌసును, తన కీబోర్డును కదలించినట్లే తోచును. పని యంతయు కంప్యూటరులోనే జరుగును. ఫోనునకు వచ్చునది చిత్రము మాత్రమే. కావుననే మధ్యలో ఫోను ఆగిపోయినను, అచ్చట ప్రారంభించిన పని సాగుచునే యుండును.

ఇది నిన్న మొన్న పుట్టిన కోరిక కాదు. 1940వ సంవత్సరము సెప్టెంబరులో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలయందు గణితవేత్తల సభ జరిగినపుడు, జార్జి స్టిబిట్జ్ అను ఆయన అచ్చట నొక టెలిప్రింటరు నుంచి, న్యూయార్కులోనున్న గణనయంత్రమునకు లెక్కలు పంపి, జవాబులు తెప్పించెను. 1968 డిసెంబరు 9వ తేదీన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కో వేదికపై కూర్చుండి, సుమారు 30 మైళ్ళ దూరమున మెన్లోపార్కులోనున్న కంప్యూటరును వేయిమంది యెదుట నడిపెను. నేడు మన బల్లలమీద నున్న మౌసును లోకము బహిరంగముగా చూచినది ఆ నాడే. 1969 అక్టోబరు 29న, ఇంటర్నెట్టునకు మూలమైన ఆర్పానెట్ మీద పోయిన మొదటి సందేశము సైతము దూరపు యంత్రములో ప్రవేశింపబూనిన 'లాగిన్' అను మాటయే. అందు 'ఎల్', 'ఓ' అను రెండక్షరములు చేరగనే ఆవలి యంత్రము స్తంభించెను. సుమారు గంటకు పిమ్మట గాని మాట పూర్తి కాలేదు.

తెరనంతటిని చూచుచు నడుపు పద్ధతి ఇంటింటికి చేరుటకు మఱి ముప్పది సంవత్సరములు పట్టెను. ఇంగ్లండు దేశపు కేంబ్రిడ్జిలోని ఒక పరిశోధనాలయమువారు వి.ఎన్.సి. అను సాధనమును 1998లో ఉచితముగా లోకమునకిచ్చిరి. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్టు కంపెనీ తన విండోస్‌తో ఇట్టి ఏర్పాటునొకదానిని వెలువరించెను. గూగుల్ వారి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ 2011లో వెలువడి, 2014లో ఆండ్రాయిడ్ ఫోనులకును, 2015లో ఐఫోనులకును వచ్చినది. నాటినుండి మొదట కళాశాలల కొక అద్భుతమైయున్నది సామాన్యుని జేబులోనికి వచ్చినది.

ఇక, ఇంటిలోని కంప్యూటరును ఫోను ఎట్లు కనుగొనగలుగుచున్నది? ఇంటిలో నాలుగు యంత్రములున్నను, సామాన్యముగా బయటి లోకమునకు కనబడు చిరునామా ఒక్కటే. లోపలినుండి మొదలైన సంభాషణకు వచ్చు జవాబులనే రౌటరు లోనికి రానిచ్చును. పిలువని పేరంటమునకు వచ్చినవారిని గడపదగ్గరనే త్రిప్పి పంపును. అందువలన కంప్యూటరు తానే బయటకు పోయి, నడుమనున్న ఒక సర్వరువద్ద తన పేరు చెప్పి వేచియుండును. ఫోనును ఆ సర్వరు వద్దకే పోవును. ఇరువురును ఒకే యజమానికి చెందినవారని రుజువైన పిమ్మట సర్వరు వారిని కలుపును. కంప్యూటరులో విద్యుత్తు లేకున్నను, ఇంటర్నెట్టు తెగినను ఈ విద్య నిరుపయోగము. నిద్రించుచున్న యంత్రమును లేపుటకు ఒక ఉపాయము కలదు. ఆరు బైట్ల సంకేతమును, దాని వెంట ఆ యంత్రపు నెట్‌వర్కు కార్డు సంఖ్యను పదునారు మారులును కూర్చి, మొత్తము 102 బైట్ల చిన్న పొట్లమును పంపినచో, అందుకు సిద్ధపఱచియుంచిన కంప్యూటరు మేల్కొనును. ఇందు మంత్రమేమియు లేదు. ఈ మార్గమును తెలిసిన బాలునకు తలుపు ఎచ్చటనున్నదో తెలియును. తలుపు తెలిసినవానికే తాళమెచ్చట వేయవలెనో తెలియును. మా వాదమున కిదియే ముఖ్యాధారము.

ఈ విద్యవలని మేలును గూర్చి హెచ్చుగా చెప్పనక్కఱలేదు. ఊరికి పోయినవాడు ఇంటిలో మఱచిన కాగితమును కంప్యూటరులోనుండి తీసి పంపగలుగుచున్నాడు. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉద్యోగము చేయుచున్న కుమార్తె పల్లెలోని తండ్రి కంప్యూటరును సరిచేయుచున్నది. 2020లో మహమ్మారివలన కచేరీలు మూతపడినపుడు, ఇంటినుండియే కచేరీ యంత్రములను నడుపుకొన్నవా రెందఱో కలరు. మంచము దిగలేని రోగికి ఇది కాలు వంటిది.

కాని మేము ముఖ్యముగా తలంచునది మఱియొక మేలు. మన బిడ్డలలో అనేకుల యిండ్లలో ఫోను కలదు, కంప్యూటరు లేదు. పాఠశాల కంప్యూటరు గది సాయంకాలము తాళము వేయబడిన పిమ్మట మఱునాటివరకు ఆ యంత్రములు ఊరక యుండును. శనివారములందు నియమిత వేళలలో, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో, రెండు మూడు యంత్రములను విద్యార్థులకు వంతులవారీగా ఇంటినుండి నడుపనిచ్చినచో, ఫోను మాత్రమే గల బాలిక సైతము లెక్కల పట్టికలను, ప్రోగ్రాములను అభ్యసింపగలుగును. చిన్న తెరమీద అక్షరములు కొట్టుట కష్టమే. ఒకరు నడుపుచుండగా మఱియొకరు ఆ యంత్రమును వాడుటయు కుదురదు. అయినను బొత్తిగా లేనిదానికంటె ఇది మేలు. పెరటిచెట్టు మందుకు రాదను సామెతను మనము అబద్ధము చేయవలెను.

ఇక కీడును గూర్చి దాపఱికము లేక చెప్పవలెను. మోసగాడు బ్యాంకు అధికారినని ఫోనులో పలుకును. ఖాతా నిలిచిపోవుచున్నదనియో, కరెంటు బిల్లు చెల్లలేదనియో బెదరించును. సాయము చేసెదనని నమ్మించి ఒక యాప్‌ను పెట్టించును. తెరమీద వచ్చిన సంఖ్యను చదివి చెప్పుమనును. చెప్పి, అనుమతి బొత్తామును నొక్కినంతనే మన ఫోను వాని చేతి బొమ్మ యగును. అటు పిమ్మట వచ్చిన ఒ.టి.పి.ని మనతోపాటు వాడును చదువును. ఎనీడెస్క్ అను యాప్‌ను ఈ విధముగా దుర్వినియోగము చేయుచున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించినది. తప్పు సాధనమున లేదు. కత్తి కూరలు తఱుగును, గొంతును కోయును. గమనింపవలసిన దేమన, ఈ మోసములో దొంగ ఏ తాళమును పగులగొట్టుటలేదు, మనచేతనే తీయించుచున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. ఇచ్చట మనమే దొంగను ఇంటివానిగా చేసికొనుచున్నాము.

రెండవ కీడు మన బిడ్డలనుండియే రావచ్చును. స్నేహితుని కంప్యూటరులో అతడెఱుగకుండ ఇట్టి సాధనమును పెట్టి, అతని ఉత్తరములను చదువుట వేడుకగా తోచవచ్చును. యజమాని అనుమతి లేక పరుల కంప్యూటరులో ప్రవేశించుటను 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 43వ సెక్షను నిషేధించుచున్నది. అదియే దురుద్దేశముతో చేసినచో, 66వ సెక్షను క్రింద మూడు సంవత్సరములవరకు కారాగారమో, ఐదు లక్షల రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును. చట్టము మాట అటుండనిండు. పరుని ఉత్తరమును దొంగచాటుగా విప్పువానిని మన పెద్దలు ఏమని పిలిచెడివారో, వీనికిని ఆ పేరే తగును.

మూడవది అజాగ్రత్త. కొందఱు తమ కంప్యూటరును బయటి లోకమునకు నేరుగా తెఱచియుంచుదురు. 2019 మే నెలలో విండోస్ వారి దూరనియంత్రణ భాగమునందొక లోపము బయటపడెను. పాస్‌వర్డు లేకయే పరులు ప్రవేశింప వీలిచ్చునంతటి లోపమది. 2014లోనే పోషణ నిలిపివేసిన విండోస్ ఎక్స్.పి.కి సైతము మైక్రోసాఫ్టు వారు మరమ్మతును పంపవలసివచ్చెను. యంత్రమును ఎప్పటికప్పుడు నవీకరింపనివాడు తాళము వేసి తాళపుచెవిని తలుపునకే వదలినట్టివాడు.

ఇన్ని కీడులుండగా నిషేధించుటయే మేలు కాదా యని తల్లిదండ్రులడుగవచ్చును. వారి భయము న్యాయమైనదే. కాని నిషేధము దేనిని నిషేధించును? ఫోను ఇంటిలో నున్నది. యాప్ ఉచితముగా దొరకుచున్నది. మనము వలదన్నచో బాలుడు చాటున నేర్చుకొనును. చాటున నేర్చినవానికి మంచి చెడ్డలు చెప్పువారుండరు. మోసగాని ఫోనువచ్చిన నాడు ఇంటిలోని పెద్దలకు అడ్డుపడగలవాడు ఆ సంఖ్యకు అర్థమెఱిగిన బిడ్డయే. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నందువలన ప్రయోజనమేమి? ఇక, పిల్లలు తామే నేర్తురను రెండవ పక్షమువారికి మా జవాబు: బొత్తాము నొక్కుటను వారు తామే నేర్తురు, ఎప్పుడు నొక్కరాదో ఎవరైనను చెప్పవలెను.

కావున మా సూచనలివి. తొమ్మిది, పది తరగతులవారికి సంవత్సరమునకు నాలుగు పాఠములు చాలును. మొదటి పాఠమున మార్గమును బొమ్మగీసి చూపవలెను. రెండవదానియందు ఒక విద్యార్థి ఫోనుతో మఱియొకని కంప్యూటరును, అతడు ఎదుటనుండగా, అతని అనుమతితో నడుపవలెను. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌లో సహాయార్థమిచ్చు సంఖ్య ఒక్కమారే చెల్లును. ముప్పది నిమిషములకొకమారు యజమానిని తిరిగి సమ్మతి అడుగును. సమ్మతి యన ఏమో బోధించుటకు ఇంతకంటె మంచి పరికరము మాకు కనబడదు. మూడవ పాఠమున పొడవైన పాస్‌వర్డును, రెండంచెల ధ్రువీకరణమును, పని ముగిసిన పిమ్మట అనుమతిని తొలగించుటను అభ్యసింపజేయవలెను. నాలుగవదానికి తల్లిదండ్రులను పిలిచి, మోసగాని పలుకుబడిని విద్యార్థులచేతనే నాటకముగా ఆడింపవలెను.

ఇంటివారు జ్ఞాపకముంచుకొనవలసినవి మూడు మాటలు. తనంతట తాను ఫోను చేసినవాడు ఎంత మర్యాదగా పలికినను, వాని మాటమీద ఏ యాప్‌ను పెట్టరాదు. తెరమీది సంఖ్యను ఎవరికిని చదివి చెప్పరాదు. ఒకవేళ మోసము జరిగినచో సిగ్గుపడి దాచక, వెంటనే ఇంటర్నెట్టును ఆపి, బ్యాంకునకు తెలిపి, 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మాఱి దొరకకుండ పోవును. బిడ్డ పొరపాటు చేసినచో గద్దింపకుడు. గద్దింపునకు భయపడి దాచిన గంటసేపే దొంగకు కావలసిన గడువు.

విద్యార్థులారా, దూరముననున్న యంత్రమును కదలించు శక్తి మీ వ్రేలికి వచ్చినది. ఆ యంత్రము ముందు ఒక మనుష్యుడున్నాడనియు, అందు అతని బ్రదుకు దాచబడియున్నదనియు మఱువకుడు. ఈ సెలవులలో మీ యింట పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, వారి ఫోనులో ఇట్టి యాప్ లేవైనను తెలియకుండ చేరియున్నవేమో చూడుడు. ఉన్నచో, అవి ఏమిచేయునో వారికి వివరించి, వారి సెలవు పొంది తీసివేయుడు. పాఠశాల తెఱచిన పిమ్మట ఎవరెవరు ఆ పని చేసిరో మేమడుగుదుము.